జాతీయగీతానికి ఆగిన కాళ్ళు

"ఎదురుగా తుపాకులు పెట్టుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారా? ఎవరికి చెబుతావు మరిదీ ఈ కథ?"

గుక్ యోంగ్‌దేని ఈ మాట అడిగింది అతని వదిన హోంగ్‌నిమ్. అన్న యోంగ్‌బే మొదటి తద్దినం నాడు, వంటింటి గడపలో కూర్చుని చేప పొలుసు తీస్తూ, తల ఎత్తకుండా అడిగింది. అప్పటికి ఆమెకి పాతికేళ్ళు, పక్కన తప్పటడుగులు వేస్తున్న పిల్ల. యోంగ్‌దేకి ఇరవై రెండు. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఆమె ఆ ప్రస్తావన ఎత్తలేదు. తద్దినానికి పిలిచేది, కడుపు నిండా పెట్టేది, పొట్లం కట్టి పంపేది. నమ్మడం మాత్రం నమ్మలేదు.

అతను చెప్పింది పెద్ద కథేమీ కాదు. 1980 మే నెలలో, సైనిక పాలన వద్దని వీధికెక్కిన జనాన్ని అణచడానికి గ్వాంగ్జు ఊళ్ళోకి సైన్యం దిగింది. దిగిన నాలుగో రోజు బుద్ధుడి పుట్టినరోజు. గుమ్నమ్నో వీధి చివర, సచివాలయం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ఎదురుగా సైనికులు బారులు తీరారు. మధ్యాహ్నం సచివాలయం మీది లౌడ్‌స్పీకర్లో జాతీయగీతం మొదలైంది. యోంగ్‌బే నడుస్తున్నవాడు నడుస్తున్నట్టే ఆగి, నిటారుగా నిలబడి, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. పక్కనున్న తమ్ముడూ పెట్టుకున్నాడు. కాల్పులు మొదలయ్యాయి. తూటా అన్న చేతిలోంచి దూరి గుండెలోకి వెళ్ళింది. తమ్ముడు అన్న పక్కనే పడి, ఊపిరి బిగబట్టి, చచ్చినవాడిలా పడుకున్నాడు. అంతే.

శవానికి స్నానం చేయించినవాళ్ళు చేతిలో చిల్లు చూశారు. పాపం చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కాల్చొద్దని బతిమాలుకున్నాడు అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. హోంగ్‌నిమ్ కూడా అదే అనుకుంది.

"బతిమాలుకుంటే తప్పేముంది? నేనైనా బతిమాలుకునేదాన్నే," అంది ఆ తద్దినం నాడు. "దానికి నువ్వు మెరుగులు పెట్టక్కర్లేదు. నువ్వు పారిపోయుంటావు. అదీ తప్పు కాదు. కానీ పోయినవాడి మెడలో పతకం వెయ్యకు."

ఆమెకి పతకాలంటే ఒళ్ళుమంట. తర్వాతి రోజుల్లో ప్రతి మే నెలా నల్లసూట్ల పెద్దమనుషులు రాజధాని నుంచి దిగి, సమాధుల మీద చేమంతులు పెట్టి, గొంతు బొంగురు చేసుకుని మాట్లాడి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయేవారు. ఆ వేళకి హోంగ్‌నిమ్ దేయిన్ బజారులో తన ఎండుచేపల కొట్టు ముందు ఈగలు తోలుకుంటూ ఉండేది. అమరవీరుడి భార్య అని ఎవరైనా అంటే, "వీరుడు కాదు, బస్సుల మెకానిక్కు," అని సరిదిద్దేది.

చిత్రమేమిటంటే, యోంగ్‌బేకి గీతం పిచ్చి ఉందని ఊరందరికీ చెప్పింది ఆమే. ఆ రోజుల్లో సాయంత్రం జెండా దించే వేళకి వీధిలో గీతం వినబడితే దేశం మొత్తం ఉన్నచోట ఆగిపోయేది. కూరలవాడు తూకం మధ్యలో ఆగేవాడు. కొట్టుకుంటున్న పిల్లలు జుట్లు వదిలేసి నిలబడేవారు. సినిమా హాల్లో బొమ్మ పడే ముందు కూడా అదే తంతు. పెళ్ళైన కొత్తలో యోంగ్‌బే ఒకరోజు అరచేతిలో సోయాపాల జున్నులాంటి టోఫూ ముక్క పెట్టుకుని వస్తుంటే గీతం మొదలైంది. టోఫూని ఎడమ చేతికి మార్చి, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. గీతం అయ్యేసరికి టోఫూ నీళ్ళు మోచేతి దాకా కారి చొక్కా తడిసిపోయింది. "ఈయన్ని కట్టుకున్నాను చూడండే," అని హోంగ్‌నిమ్ బావి దగ్గర పడీపడీ నవ్వింది. టోఫూ పట్టుకుని నిలబడ్డవాడిని నమ్మింది. తుపాకుల ముందు నిలబడ్డాడంటే నమ్మలేకపోయింది. తప్పు పట్టడానికి లేదు.

యోంగ్‌దే గోడలకి సున్నం వేసే పనిలో ముప్ఫై ఏళ్ళు గడిపాడు. మోకాళ్ళు పోయాక టీవీ సీరియళ్ళలో జూనియర్ ఆర్టిస్టు అయ్యాడు. మనిషి గొప్పవాడేం కాదు. బద్ధకస్తుడు, పొగడ్తకి లొంగుతాడు, భోజనం క్యూలో రెండుసార్లు నిలబడతాడు. కానీ చావడం మాత్రం అతనికి అద్భుతంగా వచ్చు. రైతుల తిరుగుబాటులో చచ్చాడు. వలస పాలకుల చేతిలో చచ్చాడు. యుద్ధంలో రెండు వైపులా చచ్చాడు. కెమెరా మొహం మీదకి వచ్చినా రెప్ప అదరదు, పొట్ట కదలదు.

"ఎక్కడ నేర్చుకున్నావు బాబాయ్ ఇంత బాగా?" అని ఒక అసోసియేట్ డైరెక్టరు కుర్రాడు అడిగాడోసారి.

"మా ఊళ్ళోనేరా."

కుర్రాడు నవ్వాడు. యోంగ్‌దే కూడా నవ్వాడు.

అతను చచ్చి ఇంటికొచ్చిన ప్రతిసారీ భార్య బోక్‌నిమ్ గుమ్మంలో ఆపి, చావింటి నుంచి వచ్చినవాడి మీద చల్లినట్టు గుప్పెడు కల్లుప్పు చల్లేది. "ఇవాళ చచ్చావా?" "చచ్చాను." "ఆగు అయితే." ఆ ఉప్పు ఖర్చుతో ఒక జాడీ కూరగాయలు ఊరగాయ పెట్టొచ్చని ఆమె గొణుగుడు.

గ్వాంగ్జు మీద ఎవరు సీరియల్ తీసినా యోంగ్‌దే అందులో ఉండేవాడు, లేదా టీవీ ముందు ఉండేవాడు. గీతం మోగే ఘట్టం కోసం ఎదురుచూసేవాడు. జనం అరిచేవారు, పరిగెత్తేవారు, పిడికిళ్ళు ఎత్తేవారు. గుండె మీద చెయ్యి ఒక్కటీ కనబడేది కాదు. కనబడితే వదిన చూస్తుందని ఆశ. టీవీలో వస్తే నమ్ముతుందా అంటే చెప్పలేం. కానీ అతను చెబితే నమ్మలేదు కదా.

ఇక ఈ సీరియళ్ళ వాళ్ళకి చరిత్ర అంటే ఉన్న భయం చూసి తీరాలి. వాళ్ళు దేవుడికైనా అంత భయపడరు. సిగరెట్ పెట్టె మీద బొమ్మ ఆ ఏడాదిదేనా, బస్సు గీత ఏ రంగు, నూడుల్స్ పొట్లం మీద అక్షరాలు ఎలా ఉండేవి అని నెలల తరబడి వెతుకుతారు. ఒక్క పొరపాటు దొర్లితే ఇంటర్నెట్లో జనం తెల్లారేలోపు ఉతికి ఆరేస్తారు. పెట్టె మీద బొమ్మ సరిగ్గా ఉంటే చరిత్ర సరిగ్గా ఉన్నట్టే అని ఇరువర్గాలకీ గట్టి నమ్మకం.

ఈ కథ జరిగిన సీరియల్‌కి దర్శకురాలు తక్ సేయున్. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. మాట కటువు, పని శుద్ధం. ఆమె దగ్గర తప్పులు పట్టే ఉద్యోగం యోన్ అనే చరిత్ర పరిశోధకుడిది. సన్నగా, ఎప్పుడూ ముక్కు చీదుకుంటూ ఉండే కుర్రాడు. యోంగ్‌దే ధైర్యం చేసి అతనికి అన్న సంగతి చెప్పాడు. యోన్ మధ్యలో ఆపకుండా విన్నాడు.

"బాబాయ్, మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనను," అన్నాడు చివరికి. "గీతం మోగిందనడానికి నా దగ్గర సాక్ష్యాలు బోలెడున్నాయి. జనం ఆగి నిలబడ్డారనడానికి ఒక్క ఫొటో లేదు. ఒక్క మనిషి మాట, అదీ సొంత అన్న గురించి. దాని మీద నేను సీను కట్టలేను."

"కట్టలేవులే," అన్నాడు యోంగ్‌దే. ఆ కుర్రాడి స్థానంలో ఉంటే తనూ అదే అనేవాడు.

సెట్టు వేసింది వేరే జిల్లాలో, కొండల మధ్య. చలికాలం ఇంకా పోలేదు. మే నెల సీను కాబట్టి అందరికీ పల్చటి చొక్కాలిచ్చారు. మాట్లాడితే నోట్లోంచి పొగ రాకుండా ఉండటానికి టేకుకి ముందు తలా ఒక ఐసు ముక్క చప్పరించాలి. జూనియర్ ఆర్టిస్టులను తోలుకొచ్చే ఏజెంటు ప్యో బకెట్టు పట్టుకుని తిరుగుతూ, "తీసుకోండి, తీసుకోండి, ఫ్రీ ఐస్‌క్రీము," అని అరుస్తున్నాడు.

జనం పాత్రలకి గ్వాంగ్జు ముసలివాళ్ళని పోగుచేసిన ఆ ప్యోనే ఈసారి హోంగ్‌నిమ్‌ని కూడా బస్సెక్కించాడు. ఆ రోజుల్లో బజారు ఆడవాళ్ళు జనానికి అన్నం ముద్దలు పంచారు కాబట్టి, నిజంగా ముద్దలు కట్టడం వచ్చిన బజారు ఆడవాళ్ళు కావాలన్నాడు. హోంగ్‌నిమ్ ముందు తిట్టింది. బేరాలు లేని నెల కావడంతో తర్వాత ఒప్పుకుంది. బస్సులో మరిదిని చూసి, "నువ్వు చచ్చే చోటు ఇదేనా?" అంది.

"ఇదే వదినా."

"నా పక్కన చావకు. బట్టలు పాడవుతాయి."

బస్సు దిగి మలుపు తిరగగానే ఆ మాటలన్నీ ఆగిపోయాయి.

గుమ్నమ్నో వీధి వాళ్ళ ఎదురుగా ఉంది. ఇప్పటి గుమ్నమ్నో కాదు, అప్పటిది. తెల్లటి సచివాలయం, ముందు ఫౌంటెను, బ్యాంకు, టైర్ల షాపు, కేకులు అమ్మే కొట్టు, సినిమా హాలు మీద చేత్తో గీసిన పోస్టరు. బుద్ధుడి పుట్టినరోజుకని స్తంభం నుంచి స్తంభానికి కట్టిన కాగితపు తామర దీపాలు గాలికి ఊగుతున్నాయి. వీధి వెనక కొండ ఉండాల్సిన చోటే కొండ ఉంది. యోంగ్‌దే ఎన్నో సెట్లు చూసినవాడు. చెక్క గోడని వేలితో కొడితే డొల్ల చప్పుడొస్తుందని తెలుసు. కానీ ఇక్కడ కొట్టడానికి చెయ్యి రాలేదు. తను బతికుండగా మళ్ళీ చూడలేననుకున్న వీధి, ఎవరో ముక్కూమొహం తెలియని వడ్రంగులు, ఆ ఏటికి పుట్టనైనా పుట్టని పిల్లలు, మేకు మేకు కొట్టి నిలబెట్టారు. ముసలివాళ్ళంతా గుడిలోకి వచ్చినట్టు గొంతులు తగ్గించారు. ఒకావిడ మాత్రం బాత్రూం కోసం బ్యాంకులోకి వెళ్ళబోయి తలుపుకి నుదురు కొట్టుకుంది.

హోంగ్‌నిమ్ దీపాల కింద మెడ పైకెత్తి చాలాసేపు నిలబడింది.

సీను ఇదీ. జనం సచివాలయం వైపు నడుస్తుంటారు. ఆడవాళ్ళు బేసిన్లతో ముద్దలు పంచుతుంటారు. గీతం మొదలవుతుంది. జనం ఏమిటా అని చూస్తూ నడుస్తూనే ఉంటారు. కాల్పులు. పరుగు. యోంగ్‌దే రెండో వరుసలో చావాలి. ఆగకూడదని అతను గట్టిగా అనుకున్నాడు. ఆగితే రేపటి నుంచి ప్యో పిలవడు.

లౌడ్‌స్పీకరు దగ్గర యోన్ పడ్డ శ్రమ ఎవరికీ తెలియదు. కొత్త రికార్డింగ్ అక్కర్లేదని మొండికేసి, ఆ కాలం నాటి గరగరల రికార్డు సంపాదించి, పాత తగరపు గొట్టంలోంచే వినిపించాలని పట్టుబట్టాడు. మైకు ముందు ఆ 'కిర్' చప్పుడు, తర్వాత ఒక క్షణం నిశ్శబ్దం, తర్వాత బాకాలు. అచ్చం అలాగే.

బాకాలు మోగాయి. యోంగ్‌దే కాళ్ళు ఆగిపోయాయి.

మెదడు 'నడు, నడు' అంటూనే ఉంది. కుడి చెయ్యి దానంతటది లేచి గుండె మీదకొచ్చింది. కాలేజీ కుర్రాళ్ళు వెనక నుంచి వచ్చి గుద్దుకుంటున్నారు. పని పోయిందిరా అనుకుంటూ పక్కకి చూశాడు. పక్కనున్న బట్టతల మనిషి చెయ్యి గుండె మీద ఉంది. అతని పక్కన కళ్ళజోడు మనిషిదీ. వీధి పొడుగునా, నడుస్తున్న పడుచువాళ్ళ మధ్య, గ్వాంగ్జు ముసలివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ, వాగులో రాళ్ళలాగా, ఎదురుగా ఉన్న తుపాకుల వైపు చూస్తూ నిటారుగా నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఒకరినొకరు చూసుకోలేదు.

అప్పుడు హోంగ్‌నిమ్ కనిపించింది. ఫౌంటెను దగ్గర, ముద్దల బేసిను కుడి నడుము మీద ఉండాల్సింది, ఎడమ నడుముకి మారిపోయి ఉంది. కుడి చెయ్యి గుండె మీద ఉంది. అన్నం మెతుకులంటిన చెయ్యి. ఆమె సైనికుల వైపు చూడట్లేదు. తన చేతినే చూసుకుంటోంది, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు.

"కట్! కట్!" తక్ గొంతు మైకులో పగిలింది. "ఎవరు ఆగమన్నారు? పెద్దవాళ్ళకి ఎవరు చెప్పారు ఆగమని?"

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు బట్టతల మనిషి దీనంగా. "కాళ్ళే ఆగాయి."

"ఆగకండి! నడవండి! వన్ మోర్!"

రెండోసారి తల వంచుకుని నడిచారు. నడుస్తూనే చేతులు పైకి లేచాయి. ప్యో జుట్టు పీక్కున్నాడు. "తాతగార్లూ, మీ చేతులు జేబుల్లో పెట్టుకోండి, మీకు దణ్ణం పెడతాను! ఇంటి దగ్గర పిల్లలు చెప్పిన మాట వింటారా మీరసలు?" మూడోసారి జేబుల్లో పెట్టుకున్నారు. నడక తడబడింది. ఒకతను ఫౌంటెను గట్టు తగిలి పడ్డాడు.

తక్ మానిటర్ ముందు కూర్చుని మొదటి టేకు మళ్ళీ వేయించింది. వెనక యోన్ ముక్కు చీదడం మానేసి నిలబడ్డాడు.

"ఆధారం ఉందా దీనికి?" అంది తక్.

"కాగితం లేదు మేడం."

"అయితే తీసెయ్యమంటావా?"

"కాగితం లేదు అంటున్నాను." యోన్ తెర మీది నుంచి కళ్ళు తిప్పలేదు. "తీసెయ్యమని మాత్రం నేను చెప్పను."

తక్ ఇంకోసారి చూసింది. బేసిను పట్టుకున్న ఆవిడ దగ్గర ఆపింది. "మొదటి టేకు ఓకే," అని లేచి అందరికీ భోజనాలు పెట్టించమంది. పెద్దవాళ్ళ దగ్గరకొచ్చి నడుము దాకా వంగి నమస్కారం చేసి వెళ్ళిపోయింది. ఆమె వంగడం ఆ యూనిట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు.

భోజనాల దగ్గర హోంగ్‌నిమ్ పళ్ళెం తెచ్చుకుని మరిది పక్కన కూర్చుంది. తినలేదు.

"మరిదీ. ఆ రోజు ఆయన చేతిలో ఏమన్నా ఉందా?"

ఆ రోజు గురించి నలభై ఏళ్ళలో ఆమె అడిగిన రెండో ప్రశ్న అది.

"పాలపొడి డబ్బా," అన్నాడు యోంగ్‌దే. "కుడి చేతిలో ఉండేది. ఎడమ చేతికి మార్చుకున్నాడు."

ఆమె పళ్ళెం పక్కన పెట్టింది.

"టోఫూలాగా," అంది.

"టోఫూలాగే వదినా."

"దొరికిందన్నమాట అయితే." ఆమె మరిది వైపు తిరిగింది. "ఊరంతా మూసేశారు, ఎక్కడా దొరకదు, వెళ్ళకు అన్నాను. దొరక్కుండానే పోయాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఏ కొట్లో దొరికింది?"

యోంగ్‌దే వేలు పెట్టి చూపించాడు. బ్యాంకు పక్కన, ఆకుపచ్చ అక్షరాల బోర్డుతో, మందుల షాపు. వడ్రంగులు దాన్ని కూడా వదిలిపెట్టలేదు. కిటికీలో సీసాలు కూడా పేర్చారు.

"తలుపు సగం వేసేసి ఉంది. అన్న తడుముకుంటే జేబులో డబ్బుల్లేవు. షాపాయన 'తర్వాత ఇద్దువులే, ముందు పిల్లకి పట్టించు' అని చేతిలో పెట్టాడు."

హోంగ్‌నిమ్ లేచి, వీధి దాటి ఆ షాపు దగ్గరికి వెళ్ళింది. తలుపు తోసింది. తెరుచుకుంది. వెనక నాలుగు గుంజలు, ఎండు గడ్డి, అవతల కొండ. ఆమె గడప మీద నిలబడి కొండని చూస్తూ ఉండిపోయింది. తర్వాత తలుపు జాగ్రత్తగా వేసి తిరిగొచ్చింది.

"లోపల ఎవరూ లేరు మరిదీ," అంది. చల్లారిన చారు అన్నంలో పోసుకుని మొత్తం తినేసింది.

ఆ సాయంత్రం బోక్‌నిమ్ ఉప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "చచ్చావా?"

"లేదు," అన్నాడు యోంగ్‌దే. "ఇవాళ చావలేదు." బోక్‌నిమ్ అతని మొహం చూసి, ఉప్పు మళ్ళీ జాడీలో పోసేసింది.

ఆ టేకు టీవీలో వచ్చింది. నాలుగైదు క్షణాలు. తెల్లారేసరికి ఇంటర్నెట్లో జనం మండిపడ్డారు. సిగరెట్ పెట్టెలు బాగున్నాయి, దీపాలు బాగున్నాయి, కానీ తుపాకుల ముందు గుండె మీద చెయ్యి పెట్టుకుని ఎవడు నిలబడతాడు, దర్శకురాలికి చరిత్ర తెలియదు, పరిశోధకుడు నిద్రపోయాడా అని. మనవరాలు చదివి వినిపిస్తుంటే హోంగ్‌నిమ్ ఎండుచేపలు కట్టలు కడుతూ వింది.

"నలభై ఏళ్ళు ఆగమను," అంది. "వాళ్ళకీ తెలుస్తుంది."

ఆ ఏటి తద్దినానికి పళ్ళేల పక్కన ఒక టోఫూ ముక్క కూడా పెట్టింది. యోంగ్‌దేని పెద్దవాడి స్థానంలో కూర్చోబెట్టి, ఆ రోజు సంగతి మొదటినుంచీ చెప్పమంది. అల్లుడికి, మనవరాలికి, పక్కింటివాళ్ళకి. అతను చెబుతుంటే ఒక్కసారి మాత్రం అడ్డం వచ్చింది: "డబ్బా ఎడమ చేతికి మార్చుకున్నాడు, అది చెప్పు."

తర్వాత ఇద్దరూ కలిసి ఆ మందుల షాపాయన కోసం ఊరంతా వాకబు చేశారు. కాల్పులు జరిగిన ఏడాదే ఆ షాపు ఎత్తేశారు. ఆయన ఏ ఊరు వెళ్ళాడో చెప్పగలిగినవాళ్ళు దొరకలేదు. పాలపొడి డబ్బా డబ్బులు ఇప్పటికీ బాకీ ఉన్నాయి.